ముసలి పిల్లి.. వీడ్కోలు ఎప్పుడు?

* బాధ బయటపెట్టదు.. మనమే కనిపెట్టాలి
* ముందు పరీక్ష, ఆ తర్వాతే నిర్ణయం
* సంచిలో కట్టి వదిలేయడం నేరం

కన్నడిగులకు బెక్కు. తమిళులకు పూనై. ఒడియా వారికి బిలేయి, మరాఠీ వారికి మాంజర్. బళ్లారి నుంచి బరంపురం దాకా, హోసూరు నుంచి చంద్రపూర్ దాకా మన తెలుగిళ్లలో మాత్రం అది పిల్లే. వీధిలో ఎన్ని భాషలు మాట్లాడినా ఇంట్లో దాన్ని పిలిచేది తెలుగులోనే. అలా పద్నాలుగు, పదిహేనేళ్లు మన మంచం కింద, మన గడప మీద పెరిగిన పిల్లి ఓ రోజు లేవలేకపోతే ఏం చేయాలి? ఇంకా మందులు పోయాలా, సూది వేయించి పంపించేయాలా? చాలా ఇళ్లలో నోరు తెరిచి అడగలేని ప్రశ్న ఇది.

పిల్లికి పదిహేనేళ్లంటే మనిషి లెక్కలో దాదాపు 76. పదేళ్లు దాటితేనే వృద్ధాప్యం కింద లెక్క. అయితే వయసు రోగం కాదు. ‘ముసలిదైపోయిందిలే’ అని వదిలేయడం మొదటి పొరపాటు.

నీళ్లు ఎక్కువ తాగుతూ, మూత్రం ఎక్కువ పోస్తూ చిక్కిపోతుంటే మూత్రపిండాలు దెబ్బతిన్నాయేమో చూడాలి. ఆబగా తింటున్నా బరువు తగ్గుతుంటే థైరాయిడ్ కావచ్చు. గిన్నె దాకా వచ్చి, వాసన చూసి వెనక్కి పోతుంటే పంటి నొప్పి కావచ్చు. థైరాయిడ్‌కు మందులున్నాయి. పుచ్చిన పన్ను తీయించవచ్చు. మూత్రపిండాల జబ్బు నయం కాకపోయినా ఆహారం మార్చి, సెలైన్ ఎక్కించి కొంతకాలం హాయిగా ఉంచవచ్చు. అందుకే రక్త, మూత్ర పరీక్షలు చేయించకుండా ‘ఇక చాలు’ అనే మాట అనకూడదు.

బరువు చూడటం తేలికే. పిల్లిని ఎత్తుకుని తూకం యంత్రం ఎక్కండి, తర్వాత ఒక్కరే ఎక్కండి. తేడానే దాని బరువు. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే ఒంట్లో పదో వంతు పోయినట్టే. రెండు రోజులు ముద్ద ముట్టకపోతే మూడో రోజు దాకా చూడొద్దు. పస్తు ఉంటే పిల్లులకు, ముఖ్యంగా లావుపాటి వాటికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదకొస్తుంది.

నొప్పి తెలిసేదెలా?

కుక్క కుంటుతుంది, మూలుగుతుంది. పిల్లి అలా కాదు, నొప్పి వస్తే దాక్కుంటుంది. బీరువా వెనక్కో, మంచం కిందికో చేరి ముడుచుకుని కూర్చుంటుంది. కిటికీ ఎక్కడం మానేస్తుంది. ఒళ్లు నాక్కోదు, బొచ్చు ఉండలు కడుతుంది. ఎప్పుడూ వెళ్లే చోటికి వెళ్లలేక ఇంట్లోనే తడిపేస్తుంది. ‘పాడు అలవాటు వచ్చింది’ అని కసురుకుంటాం కానీ కీళ్ల నొప్పితో అంతదూరం నడవలేకపోతోందేమోనని ఆలోచించం. గురగురమంటోంది కదా, సంతోషంగానే ఉందనుకోవద్దు. బాధలోనూ పిల్లులు గురగురలాడతాయి.

కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో పిల్లి ముఖం చూసి నొప్పి పట్టే పద్ధతిని ప్రకటించారు. చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల.. ఈ ఐదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు. చెవులు పక్కలకు వాలడం, కళ్లు సగం మూయడం, మూతి బిగుసుకోవడం, మీసాలు నిటారుగా ముందుకు రావడం, తల భుజాల కంటే దిగిపోవడం నొప్పికి గుర్తులు. మొత్తం పదికి నాలుగు వస్తే నొప్పి మందు అవసరం.

ఆ మందు డాక్టరు ఇచ్చిందే అయ్యుండాలి. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం. ఒక్క బిళ్ల చాలు ప్రాణం తీయడానికి.

లెక్క వేసుకోండి

మనసు ఒకటి చెబుతుంది, కళ్లు ఒకటి చెబుతాయి. అప్పుడు కాగితం మీద లెక్క సాయపడుతుంది. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఏడు అంశాల పట్టిక రూపొందించారు. నొప్పి అదుపులో ఉందా, తింటోందా, నీళ్లు అందుతున్నాయా, శుభ్రంగా ఉంటోందా, మనుషులను చూసి ఉత్సాహపడుతోందా, కదలగలుగుతోందా, మంచి రోజులు చెడ్డ రోజుల కంటే ఎక్కువ ఉన్నాయా? బాగుంటే పది, బొత్తిగా బాగోకపోతే సున్నా. మొత్తం 70కి 35 దాటితే ఇంకా సేవ చేస్తూ ఉంచుకోవచ్చని ఆ పట్టిక చెబుతుంది.

ఇంకో పద్ధతి ఇంకా తేలిక. గోడ మీది క్యాలెండర్‌లో మంచి రోజుకు సున్న చుట్టండి, చెడ్డ రోజుకు ఇంటూ పెట్టండి. రెండు వారాల తర్వాత ఇంట్లో అందరూ కలిసి చూడండి. ఇంటూలే ఎక్కువుంటే డాక్టరుతో ఆ మాట ఎత్తాల్సిందే. నోరు తెరిచి ఊపిరి తీసుకుంటూ ఆయాసపడుతుంటే మాత్రం క్యాలెండర్ చూస్తూ కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పాపమా?

పిల్లిని చంపితే కాశీకి పోయి బంగారు పిల్లిని దానమివ్వాలని మన పెద్దల మాట. అందుకే సూది మాట ఎత్తగానే అవ్వలు గుండెలు బాదుకుంటారు. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఓ దూడ కోలుకోలేని స్థితిలో నరకయాతన పడుతుంటే గాంధీజీ డాక్టరును పిలిపించి, దగ్గరుండి సూది వేయించారు. అహింస చెప్పే మనిషి ఇలా చేయొచ్చా అని దేశమంతా దుమారం రేగింది. ఆయన నవజీవన్, యంగ్ ఇండియా పత్రికల్లో సమాధానం రాశారు. దాని బాధ తీర్చడానికి మరో దారి లేదన్నదే ఆయన వాదన. ఇప్పటికీ ఇది ఎవరి మనసుకు వారు తేల్చుకోవాల్సిన విషయమే. సూది వద్దనుకునేవారు నొప్పి తెలియకుండా మందులతో ఇంట్లోనే సాగనంపవచ్చు. కానీ ‘పాపం’ అని భయపడి మందూ ఇప్పించక, సూదీ వేయించక రోజుల తరబడి విలవిలలాడనివ్వడం ఏ పుణ్యం కిందికీ రాదు.

గోనెసంచిలో కట్టి సరిహద్దు దాటించి, చేపల మార్కెట్ దగ్గర వదిలేసి వచ్చే అలవాటు ఇంకా ఉంది. ముసలి పిల్లి అక్కడ ఆకలితో, కుక్కల నోట పడి పోతుంది. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం.

ఆ రోజు ఏం జరుగుతుంది?

సాధారణంగా మొదట మత్తు సూది ఇస్తారు. పిల్లి గాఢనిద్రలోకి జారాక రెండో మందు నరంలోకి ఎక్కిస్తారు. కొద్ది నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్లు తెరిచే ఉండొచ్చు, ఒకసారి ఎగశ్వాస రావచ్చు. అది బాధ కాదు. దగ్గర కూర్చుని తల నిమరండి, పేరు పెట్టి పిలవండి. ఆ మందు ఒంట్లో ఉంటుంది కాబట్టి కుక్కలు, గద్దలు తవ్వి తినకుండా, బావులకు దూరంగా లోతుగా పూడ్చాలి.

పిల్లలకు ‘ఊరెళ్లింది’ అని చెప్పొద్దు. వాళ్లు రోజూ గుమ్మంలో ఎదురుచూస్తారు. ‘నిద్రపుచ్చాం’ అంటే నిద్రంటేనే భయపడతారు. చచ్చిపోయిందని, ఇక నొప్పి ఉండదని చెప్పండి.

ఎవరిని అడగాలి?

చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల, బెంగళూరు హెబ్బాళ కళాశాల, భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ పశువైద్య కళాశాల, చంద్రపూర్ వైపు వారికి నాగపూర్ పశువైద్య కళాశాల ఉన్నాయి. తిరుత్తణి, వేలూరు వాసులకు తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం దగ్గర. చిన్న ఊళ్లలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి డాక్టరునే ముందు అడగండి. ఆసుపత్రి బల్ల మీద పిల్లి బిగుసుకుపోతుంది, ఇంట్లో ఎలా ఉంటుందో డాక్టరుకు కనపడదు. కాబట్టి నడిచేటప్పుడు, తినేటప్పుడు సెల్‌ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్లండి. క్యాలెండర్ కాగితం కూడా తీసుకెళ్లండి. ‘ఇది మీ పిల్లే అయితే ఏం చేస్తారు?’ అని సూటిగా అడగండి.