తెలుఁగు వాక్యమున గర్భితరచన – పార్సరు వ్యాకరణము
వాక్యమును విశ్లేషించు కంప్యూటరు ప్రోగ్రామునకుఁ బార్సరని పేరు. దానికై తెలుఁగు వ్యాకరణమును వ్రాయఁబూనినవారిని ధాతుజవిశేషణము చిక్కు పెట్టును.

'బాలుఁడు చదివిన పుస్తకము' అనునది నామబంధము. ఇందు 'బాలుఁడు' ఉన్నచోట 'ఊరు విడిచిన బాలుఁడు' అను మఱియొక నామబంధమును నిలుపవచ్చును. కావున సూత్రమిట్లుండును: నామబంధమన నామము, లేదా నామబంధము, ధాతుజవిశేషణము, నామము వరుసగాఁ గూడినది. సూత్రము తన్నుఁ దానే పిలుచుకొనుచున్నది. ఇది దోషము కాదు. పరిమితసూత్రములచే అపరిమితవాక్యములు సిద్ధించుట దీనివలననే.

ఆ పిలుపు సూత్రమునకు ఎడమకొన నుండుటయే చిక్కు. పైనుండి క్రిందికి దిగు పార్సరు నామబంధమును వెదకఁబోయి, మొదట నామబంధమునే వెదకవలసి వచ్చి, ఒక్క పదమునైనఁ జదువక తిరుగుచునే యుండును. ఆంగ్లమున విశేషణవాక్యము నామమునకుఁ బిమ్మట వచ్చును గాన, నామమును ముందుగాఁ జదివి పిదప లోనికిఁ బోవచ్చును. ఆంగ్లసూత్రముల ననుకరించువారు ఈ భేదమును మఱవరాదు.

గర్భితముల లోఁతును రెండు మూఁడు మెట్లకుఁ గట్టడి చేయుట యొక యుపాయము. మే మంగీకరింపము, అది భాషను కుదించుటయే. ముందొక నామమును, పిదప 'ధాతుజవిశేషణము, నామము' అను జంటను ఎన్ని మాఱులైన గ్రహించునట్లు సూత్రమును మార్చుట మేలు. అయితే జంట చేరినప్పుడెల్ల, అంతవఱకు సిద్ధించినదానిని దాని గర్భమున నుంపవలెను. లేనిచో ఊరు విడిచినది బాలుఁడో పుస్తకమో తెలియదు. 1970లో ఎర్లీ ప్రకటించిన పద్ధతికి సూత్రమును మార్చు పనియే లేదు.

'అని'తోఁ గూడిన వాక్యములకు మాత్రము ఈ జంటల యుపాయము చాలదు. 'రాముఁడు, సీత, లవుఁడు వచ్చెనని చెప్పెనని, తలఁచెను' అనుచోఁ దుదికర్తకు మొదటి క్రియయు, మొదటి కర్తకుఁ దుదిక్రియయు నన్వయించును. కర్తలను దొంతిగాఁ బేర్చి, పైదానిని ముందుగాఁ దీయవలెను.