వేటపాలెం సారస్వత నికేతనం

ఒక ఊరిలో గ్రంథాలయమును స్థాపించుట సులభము. దానిని నూరేండ్లు నిలుపుట కష్టము. ఆ కష్టమును గెలిచిన కొలది గ్రంథాలయములలో వేటపాలెమునందలి సారస్వత నికేతనము ఒకటి.

వేటపాలెము చీరాల పొరుగున నున్న చేనేత ఊరు. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన పిమ్మట, అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారి కృషివలన, గ్రంథాలయ స్థాపనము దేశసేవగా పరిగణింపబడినది. ఆ ఉత్సాహములోనే 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు ఈ సంస్థకు అంకురార్పణ చేసినారు. 1929లో మహాత్మాగాంధీ దీని భవనమునకు శంకుస్థాపన చేసినారు. ఆయన చేతికర్ర నేటికిని ఇచట భద్రముగా నున్నది.

అయితే ఈ గ్రంథాలయమునకు ప్రత్యేకత తెచ్చినది చేతికర్ర కాదు, పాత పత్రికలు. దినపత్రిక ఒక్కనాటి వస్తువు. మరునాడది పొట్లములు కట్టుటకు పోవును. అట్టిదానిని వరుస తప్పక సేకరించి, బైండు చేయించి, దాచుట ఇచటివారు నియమముగా పెట్టుకొన్నారు. దీని ప్రయోజనము కాలము గడచినకొలది తెలియును. 1921లో చీరాల ప్రజలు పురపాలక సంఘమును నిరసించి, ఇండ్లు విడిచి, ఊరిబయట పాకలలో కాపురముండిరి. అట్టి ఘట్టములను దినదిన క్రమమున తెలిసికొనగోరువారికి నాటి పత్రికలే శరణ్యము. సాహిత్య చరిత్రకును ఇంతే. పెక్కు కథలు, విమర్శలు, వాదోపవాదములు పత్రికలలో వెలువడి, పుస్తకరూపము నొందక అచటనే నిలిచిపోయినవి.

కాని పత్రికల కాగితము అల్పాయుష్కము. కొయ్యగుజ్జుతో చేసిన ఆ కాగితము వెలుతురు, వేడి, తేమ తగిలినకొలది పసుపువారి, పెళుసెక్కి, మడతల వద్ద విరుగును. జాగ్రత్తగా కాపాడిన తాటాకు ప్రతి అంతకంటె ఎక్కువ కాలము నిలుచును. నేడు డిజిటల్ ప్రతులు తీయు సాధనము లున్నవి. అయినను ప్రతి తీయుటకు ముందు మూలము మిగిలియుండవలెను గదా!

మూలమును మిగుల్చునది ప్రతిదినము దుమ్ము దులిపి, చెదలు చూచి, చినిగిన పుటను అతికించు చేయి. ఆ చేతికి జీతమును, ఆ బీరువాకు నీడయును సమకూర్చుట పాఠకలోకపు బాధ్యత. శంకుస్థాపన ఒక్కసారి జరుగును. సంరక్షణము ప్రతితరమును మరల ప్రారంభింపవలసిన పని.