పొంగణాల పెనం తెలిసినవాళ్లకు ఒసాకా కొత్త కాదు

ప్రొద్దుటూరులో పొద్దుగూకితే ఏ సందు మలుపు తిరిగినా కాగే నూనె వాసనే. మిరపకాయ బజ్జీ, ఉగ్గాని, ఎర్రకారం పూసిన దోసె, గుంత పొంగణాలు. పెనం గుంతల్లో పిండి పోసి ఇనుప పుల్లతో ఒక్కోదాన్ని తిప్పే చేతిని చూస్తూ పెరిగినోణ్ని. అందుకే ఒసాకాలోని దోతోంబొరి వీధిలో మొదటి రాత్రే ఒక కొట్టు ముందు నా కాళ్లు ఆగిపోయాయి. అదే పెనం, అవే గుంతలు, అదే పుల్ల. కాకపోతే రెండు చేతుల్లో రెండు పుల్లలు. లోపల ఉండేది మాత్రం వేరు. గోధుమపిండి, గుడ్డు, చేపల రసం కలిపిన జారుడు పిండి, మధ్యలో ఆక్టోపస్ ముక్క. పేరు తకోయాకి. 1935లో ఈ ఊళ్లోనే పుట్టింది. నేను వెళ్లినప్పుడు ఎనిమిది ఉండలు ఐదారు వందల యెన్లు.

జమ్మలమడుగులో ఉండే తమ్ముడికి వీడియో కాల్ చేసి చూపిస్తే, "ఏందన్నా, మన పొంగణాలకు సముద్రం తగిలించినారే" అన్నాడు. శాకాహారులకు ఒక మాట: ముక్క తీసేసి పెట్టమన్నా పిండిలోనే చేపల రసం ఉంటుంది. జాగ్రత్త.

దోతోంబొరి అంటే అసలు ఒక కాలువ పేరు. 1615లో తవ్వకం పూర్తయింది. దాని ఒడ్డున నాటకశాలలు వచ్చాయి, వాటి వెంట తిండి కొట్లు వచ్చాయి. చేతులెత్తి పరుగెత్తే మనిషి బొమ్మతో ఉన్న గ్లికో బోర్డు 1935లో మొదటిసారి అక్కడ వెలిగింది, ఆ తర్వాత బోర్డులు మారుతూ వచ్చాయి. పాత రోజుల్లో దేశం నలుమూలల బియ్యం ఈ ఊరి గోదాములకే చేరేది కాబట్టి దీన్ని దేశానికి వంటిల్లు అనేవాళ్లు. 1730లో ఇక్కడి దోజిమాలో బియ్యానికి ముందస్తు బేరాల మార్కెట్టే నడిచింది. క్యోటోవాళ్లు బట్టల మీద, ఒసాకావాళ్లు తిండి మీద ఖర్చుపెట్టి చితికిపోతారని అక్కడ నానుడి. బంగారం మీద అని మనూరిని కూడా చేర్చొచ్చు! వ్యాపారుల ఊరు కావడంతో "లాభాలొస్తున్నాయా?" అని అడగడమే ఇక్కడి పాత పలకరింపు. "ఏదో నడుస్తోంది" అనేది జవాబు. ప్రొద్దుటూరు బజార్లో కూర్చున్నవాళ్లకు ఇందులో కొత్తేముంది?

ఇది యాత్రా కథనమైతే ఇంతటితో ఆపొచ్చు. కానీ ఆ కొట్ల వెనక పనిచేసేవాళ్లను చూశాక మీకు చెప్పాల్సింది వేరే ఉంది. జపాన్‌లో పనిచేసే వయసువాళ్లు తగ్గిపోతున్నారు. 2019 ఏప్రిల్‌లో ఆ దేశం 'తోకుతెయి గినో' అనే నైపుణ్య వీసా తెచ్చింది. దీనిపై 2021 జనవరిలో మన దేశంతో ఒప్పందం కుదిరింది. హోటళ్ల పని, ఆహార తయారీ, వృద్ధుల సంరక్షణ, వ్యవసాయం లాంటి రంగాలు ఇందులో ఉన్నాయి. వయసు 18 నిండాలి. డిగ్రీ అక్కర్లేదు. ఎన్4 స్థాయి జపనీస్ లేదా దానికి సమానమైన భాషా పరీక్ష, దాంతోపాటు ఆ రంగంలో నైపుణ్య పరీక్ష పాస్ కావాలి. మొదటి దశలో మొత్తం ఐదేళ్లు, కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేదు. అదే పని చేసే జపాన్‌వాళ్లకు తగ్గకుండా జీతం ఇవ్వాలన్నది నిబంధన. 2024 అక్టోబరులో ఒసాకాలో గంటకు కనీస వేతనం 1,114 యెన్లు అయింది. ఆ లెక్క బాగుందనిపిస్తే అద్దె, పన్నులు, బీమా కూడా పక్కన రాసుకోండి.

పులివెందుల జేఎన్‌టీయూలోనో, ప్రొద్దుటూరు ఇంజినీరింగ్ కాలేజీలోనో చదివేవాళ్లు ఈ దారి పట్టాల్సిన పనిలేదు. డిగ్రీకి తగిన ఉద్యోగం దొరికితే ఇంజినీర్ల వీసా వేరే ఉంది. దానిపై కుటుంబాన్నీ తీసుకెళ్లొచ్చు.

ఇప్పుడు అసలు నొప్పి. మా బంధువుల అబ్బాయి ఒక కన్సల్టెన్సీకి రెండున్నర లక్షలు కట్టాడు. స్టూడెంట్ వీసా మీద పంపిస్తాం, పగలంతా పనిచేసుకుని సంపాదించుకో అన్నారు. స్టూడెంట్ వీసా మీద అనుమతి తీసుకున్నా వారానికి 28 గంటలే పని. ఆ సంగతి వాడికి తెలిసేసరికి డబ్బు పోయింది, వీసా రాలేదు. వాళ్ల నాయన మూడెకరాల చీనీ తోట మీద తెచ్చిన అప్పు అది. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటుకు కేంద్రం లైసెన్సు ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొట్టి చూడొచ్చు. అలాంటి ఏజెంటు తీసుకోగల సేవా రుసుము రూ.30 వేలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే లేచి వచ్చేయండి. ఏ రంగం పరీక్ష ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందో మారుతుంటుంది. కాబట్టి అధికారిక ప్రకటన చూశాకే రూపాయి కట్టండి.

ఖర్చు తక్కువ, శ్రమ ఎక్కువ ఉన్న పని భాష నేర్చుకోవడం. జేఎల్‌పీటీ పరీక్ష జులై, డిసెంబరు నెలల్లో జరుగుతుంది. మనకు బెంగళూరు, చెన్నై కేంద్రాలు దగ్గర. భయపెట్టేది కంజీ లిపి. ఎన్4కు సుమారు 300 అక్షరాలు రావాలి. వాక్యం మాత్రం మన వాక్యమే. 'నేను అన్నం తింటాను'ను 'వతాషి వా గోహన్ ఓ తబేమాస్' అంటారు. కర్త, కర్మ, చివర్లో క్రియ, మాట వెనకే విభక్తి. ఇంగ్లిష్ దగ్గర తడబడిన మా తమ్ముడికి ఇది రెండు వారాల్లో పట్టుబడింది.

ఒక్క చిక్కు. పుస్తకంలో నేర్చుకునేది తోక్యో భాష. ఒసాకా యాస దానికి దూరం, కడప యాసకూ పాఠ్యపుస్తకానికీ ఉన్నంత దూరం. చివరి రాత్రి అదే కొట్టుకు వెళ్లి, కష్టపడి నేర్చుకున్న 'అరిగతో గొజాయిమాస్' అన్నాను. కొట్టాయన పుల్లలు ఆపకుండానే నవ్వి "ఓకీని" అన్నాడు. ఒసాకాలో థాంక్స్‌కు పాత మాట అదేనట. పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నా.