మూడు రోజుల ఎలుకపిల్ల

పుట్టి మూడు రోజులైన ఎలుకపిల్లకు రొమ్ము ఎముక వెనకుండే థైమస్ గ్రంథిని తీసేస్తే ఏమవుతుంది? టి కణాలు తయారయ్యేది అక్కడే కాబట్టి, అది నీరసించి ఏ సూక్ష్మజీవికో లొంగిపోతుందని అనుకుంటాం. 1969లో జపాన్ శాస్త్రవేత్తలు నిషిజుకా, సకకురా చూసింది వేరు. ఆడ ఎలుకల్లో అండాశయాలు నాశనమయ్యాయి. ఆ పని చేసింది బయటి క్రిమి కాదనీ, ఎలుక సొంత రక్షణ వ్యవస్థేననీ తర్వాత తేలింది. అదే గ్రంథిని ఏడో రోజున తీస్తే ఏ ముప్పూ లేదు.

ఈ ఫలితం షిమోన్ సకగుచి అనే శాస్త్రవేత్తను పట్టుకుని వదల్లేదు. టి కణాల పుట్టిల్లునే తీసేస్తే దాడి తగ్గాలి గానీ పెరగడమేమిటి? ఆరోగ్యంగా ఉన్న ఎలుకల టి కణాలను ఈ పిల్లలకు ఎక్కించి చూశారాయన. జబ్బు రాలేదు. అంటే టి కణాల్లో కొట్టేవే కాదు, కొట్టకుండా ఆపేవీ ఉన్నాయి. ఆపేవి థైమస్ నుంచి కాస్త ఆలస్యంగా బయల్దేరతాయి. మూడో రోజున గ్రంథిని తీసేస్తే, కొట్టే కణాలు అప్పటికే ఒంట్లోకి చేరిపోయి ఉంటాయి, వాటిని అదుపు చేసేవి మాత్రం రాకుండా పోతాయి. ఈ మాట నమ్మినవాళ్లు అప్పట్లో తక్కువే. అయినా ఆయన పట్టు సడలించలేదు. సిడి25 అనే ప్రొటీన్ ఆనవాలుతో 1995లో ఆ కణాలను వేరుచేసి చూపించారు. వాటినే ఇవాళ నియంత్రక టి కణాలు అంటున్నాం.

ఇవి ఎందుకు కావాలి? సొంత ఒంటి ప్రొటీన్లను గట్టిగా పట్టుకునే టి కణాలను థైమస్ అక్కడికక్కడే చంపేస్తుంది. కానీ ఏ జల్లెడలోనైనా కొన్ని జారిపోతాయి. పైగా మనం తినే పప్పూ, పెరుగూ, చేపా మన ఒంటివి కావు. పూటపూటా ఇంత పరాయి ప్రొటీన్ పేగులోకి దిగుతున్నా అక్కడ యుద్ధం జరగడం లేదంటే, దాన్ని ఓర్చుకోమని చెప్పే కణాలు అక్కడ కాపున్నాయి కాబట్టే.

ఇక సహాయక టి కణాల సంగతి. ఇవి స్వయంగా సూక్ష్మజీవిని చంపడం కంటే, ఎవరు ఎలా పోరాడాలో మిగతా కణాలకు చెప్పడమే ఎక్కువ. అందరికీ ఒకే ఆజ్ఞ ఇవ్వవని 1986లో మోస్‌మన్, కాఫ్‌మన్ ఎలుకల కణాల్లో చూపించారు. టిహెచ్-1 రకం ఇంటర్‌ఫెరాన్ గామాను వదిలి, భక్షక కణాల లోపల దాక్కున్న క్రిములను చంపిస్తుంది. టిహెచ్-2 నులిపురుగుల మీదికి వెళ్తుంది, దారి తప్పితే ఉబ్బసం తెస్తుంది. తర్వాత బయటపడిన టిహెచ్-17 చర్మం మీదా పేగులోనూ బూజునూ బాక్టీరియానూ ఎదుర్కొంటుంది, అతిగా రేగితే సోరియాసిస్‌కు కారణమవుతుంది. టీకా వేయించుకున్నాక మంచి యాంటీబాడీలు తయారవడానికి తోడ్పడే రకం ఇంకొకటి.

ఈ తేడా ఎంత పెద్దదో కుష్టువ్యాధి చెప్పినంత స్పష్టంగా మరే జబ్బూ చెప్పదు. ప్రపంచంలో కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే. క్రిమి ఒక్కటే. టిహెచ్-1 స్పందన బలంగా ఉన్న మనిషికి ఒకటి రెండు స్పర్శ లేని మచ్చలు వస్తాయి, వాటిలో వెతికినా క్రిములు దొరకడం కష్టం. స్పందన టిహెచ్-2 వైపు మొగ్గిన మనిషికి ఒళ్లంతా మచ్చలూ బుడిపెలూ వస్తాయి, చర్మం నిండా క్రిములే. ఈ రెండో మనిషి రక్తంలో యాంటీబాడీలు పుష్కలంగా ఉంటాయి. కానీ క్రిమి కణం లోపల కూర్చుంది, యాంటీబాడీ అక్కడికి చేరలేదు. అలాగని మొదటి మనిషి పూర్తిగా గట్టెక్కినట్టూ కాదు, ఆ బలమైన దాడే అతని నరాలను దెబ్బతీస్తుంది. రోగనిరోధక శక్తి పెంచుతామనే ప్రకటన చూసినప్పుడల్లా నాకు ఈ ఇద్దరూ గుర్తొస్తారు. పెంచడం సరే, ఏ రకాన్ని?

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచే విషయం మరొకటి. ఏ రకమూ ఇంకా నిర్ణయం కాని టి కణానికి టిజిఎఫ్-బీటా అనే సంకేతం ఒక్కటే అందితే అది నియంత్రక కణం కాగలదు. అదే సంకేతంతో పాటు, వాపు ఉన్నచోట పుట్టే ఇంటర్‌ల్యూకిన్-6 కూడా అందితే టిహెచ్-17 అవుతుంది. శాంతికీ యుద్ధానికీ మధ్య ఇక్కడ ఉన్నది ఒక్క అణువు తేడా.

నియంత్రక కణాలను నడిపే జన్యువు ఏదో ఇంకో ఎలుక జాతి చెప్పింది. 1940లలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో, చర్మం పొలుసులు లేచి కొద్ది వారాలకే చనిపోయే మగ ఎలుకపిల్లలు పుట్టాయి. దశాబ్దాల తర్వాత మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ వాటి ఎక్స్ క్రోమోజోమ్‌లో తప్పు ఎక్కడుందో వెతికారు. అనుమానించిన 20 జన్యువుల్లో చిట్టచివరిదాంట్లో అది దొరికింది. దాని పేరు ఫాక్స్‌పి3. ఇదే జన్యువు చెడిన మగశిశువులకు పుట్టిన కొద్దికాలానికే మధుమేహం, ఆగని విరేచనాలు, ఒళ్లంతా ఎగ్జిమా వస్తాయని 2001లో తేలింది. బ్రంకో, రామ్స్‌డెల్, సకగుచిలకు 2025లో వైద్య నోబెల్ వచ్చింది.

క్యాన్సర్ గడ్డల్లో ఈ నియంత్రక కణాలే గుమిగూడి, గడ్డ మీద దాడిని ఆపేస్తాయి. అక్కడ వాటిని తప్పించాలి. కిడ్నీ మార్పిడి చేయించుకున్న మనిషిలో వాటిని పెంచాలి. ఇప్పుడు ఆ మనిషి రోజూ మింగే మాత్రలు రక్షణ వ్యవస్థను మొత్తంగా అణచేస్తాయి. కొత్త కిడ్నీ నిలవడం వాటి వల్లే, చిన్న జ్వరానికి కూడా ఆస్పత్రికి పరుగెత్తాల్సి రావడమూ వాటి వల్లే. అతని రక్తం నుంచే నియంత్రక కణాలను తీసి, పెంచి, ఆ ఒక్క కిడ్నీని ఓర్చుకునేలా తిరిగి ఎక్కించే ప్రయత్నాలు ఇప్పటికే మనుషుల మీద మొదలయ్యాయి.