ఇంటి కంప్యూటర్‌కు రక్షణ: సూరత్‌ తెలుగు కుటుంబాలు పాటించదగిన జాగ్రత్తలు

వస్త్ర పరిశ్రమకు, వజ్రాల సానకు పేరుగాంచిన సూరత్‌లో తెలంగాణ నుంచి తరలివెళ్లిన పద్మశాలీ కుటుంబాలు దశాబ్దాలుగా స్థిరపడి ఉన్నాయి. లింబాయత్‌ వంటి ప్రాంతాల్లో మరమగ్గాలను నమ్ముకొని జీవించిన ఈ కుటుంబాల పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నిర్వహిస్తోంది. చిన్న వ్యాపారం చేసే ఇళ్లలో పగలు జీఎస్టీ బిల్లులు, బ్యాంకు లావాదేవీలు, సాయంత్రం పిల్లల పాఠాలు తరచూ ఒకే కంప్యూటర్‌పై సాగుతాయి. దానికి హాని జరిగితే నష్టం యంత్రంతో ఆగదు. రావలసిన బకాయిల లెక్కలు, కుటుంబం దాచుకున్న సొమ్ము కూడా ప్రమాదంలో పడతాయి.

మరమగ్గంపై పేక పోగు తెగితే మగ్గం ఆగి, లోపాన్ని తెలియజేస్తుంది. కంప్యూటర్‌ విషయం అలా కాదు. హానికర సాఫ్ట్‌వేర్‌ చొరబడినా అది యథావిధిగా పనిచేస్తున్నట్లే కనిపించవచ్చు. అందువల్ల ముందు జాగ్రత్తే ప్రధానం.

మొదటిది, ఆపరేటింగ్‌ సిస్టమ్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్‌ చేసుకోవడం. 2017 మే 12న విజృంభించిన ‘వాన్నాక్రై’ 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లను బంధించి డబ్బు డిమాండ్‌ చేసింది. అది వాడుకున్న లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్‌ ఆ ఏడాది మార్చి 14నే విడుదల చేసింది. దానిని సకాలంలో వేసుకోని యంత్రాలే ప్రధానంగా దెబ్బతిన్నాయి. విండోస్‌ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్‌ 14తో ముగిసినందున, దానిని వాడుతున్నవారు విండోస్‌ 11కు మారడం మేలు. తక్కువ ధరకు లభించే నకిలీ ప్రతుల్లో అప్‌డేట్లు నిలిపివేసి ఉండవచ్చు. హానికర ప్రోగ్రామ్‌లు ముందే చేరి ఉండవచ్చు. విండోస్‌తో పాటు ఉచితంగా వచ్చే వైరస్‌ రక్షణను ఎన్నడూ ఆపివేయరాదు.

రెండవది, ఖాతాల విభజన. పూర్తి అధికారాలు గల అడ్మినిస్ట్రేటర్‌ ఖాతాను పెద్దలు తమ వద్ద ఉంచుకొని, నిత్యం వాడుకోవడానికి, పిల్లల కోసం సాధారణ ఖాతాలు తెరవాలి. బ్యాంకుకు, ఈమెయిల్‌కు వేర్వేరు పొడవైన పాస్‌వర్డ్‌లు పెట్టుకొని, రెండంచెల ధ్రువీకరణను అమలు చేయాలి. వైఫై రూటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చివేయాలి.

మూడవది, అపరిచిత ఫైళ్ల పట్ల అప్రమత్తత. ఇన్వాయిస్‌ అనో, పన్ను నోటీసు అనో వచ్చే ఫైలు పేరు చివర ‘ఈఎక్స్‌ఈ’ అని ఉంటే అది పత్రం కాదు, ప్రోగ్రామ్‌. బ్యాంకు సిబ్బందిమని ఫోన్‌ చేసి, కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే యాప్‌ వేసుకోమని కోరేవారిని నమ్మరాదు. ఏ బ్యాంకూ ఓటీపీని అడగదు.

నాలుగవది, బ్యాకప్‌. వారానికొకసారి లెక్కలను, ముఖ్య పత్రాలను వేరొక హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. పని పూర్తికాగానే దానిని కంప్యూటర్‌ నుంచి తీసివేయాలి. కలిపే ఉంచితే, ఫైళ్లను బంధించే వైరస్‌ ఆ ప్రతిని కూడా పాడుచేయగలదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మోసం జరిగితే వెంటనే ఇంటర్నెట్‌ సంబంధాన్ని తొలగించాలి. 1930కు ఫోన్‌ చేసి, బ్యాంకుకు తెలియజేయాలి. సైబర్‌క్రైమ్‌.గవ్‌.ఇన్‌ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. సొమ్ము చేతులు మారకముందే సమాచారం అందితే దానిని నిలుపుదల చేసే అవకాశం ఉంటుంది. పాస్‌వర్డ్‌లను వేరొక పరికరం నుంచి మార్చుకోవాలి. వైరస్‌ను తొలగించే ఉచిత సాధనాలను కేంద్ర ప్రభుత్వ ‘సైబర్‌ స్వచ్ఛతా కేంద్ర’ అందిస్తోంది.

వీటిలో అధిక భాగానికి ఖర్చు లేదు. కావలసినది వారానికి కొద్ది నిమిషాల శ్రద్ధ. సందేహం కలిగినప్పుడు తొందరపడని నిగ్రహం.