గురక ఆగినప్పుడే భయపడాలి

మావారికి నిద్ర పట్టడమంటే స్విచ్ వేసినట్టే. దిండు మీద తల పెట్టిన రెండు నిమిషాలకి గురక మొదలు. ‘మావాడు అదృష్టవంతుడమ్మా, ఎక్కడ పడితే అక్కడ నిద్రపోతాడు’ అని మా అత్తగారు మురిసిపోయేవారు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని సామెత ఉండనే ఉంది కదా! సెలూన్ కుర్చీలో, సినిమా హాల్లో ఇంటర్వెల్ కాకముందే, చివరికి బ్యాంకులో టోకెన్ నంబరు పిలిచేలోపు కూడా ఒక కునుకు తీసేవారు. మా ఇంట్లో అదొక జోకు. చుట్టాలొస్తే కుంభకర్ణుడితో పోల్చి నవ్వుకునేవాళ్ళం.

ఆ గురక భరించలేక ఆరేళ్ళ క్రితం దిండు, దుప్పటి తీసుకుని పిల్లల గదిలోకి మారిపోయాను. నాకు నిద్ర దొరికింది. రాత్రిపూట ఆయన్ని చూసేవాళ్ళు మాత్రం లేకుండా పోయారు. అదెంత పొరపాటో తెలియడానికి నాలుగేళ్ళు పట్టింది.

తెనాలి పెళ్ళిలో...

తెనాలిలో మా పిన్ని కూతురి పెళ్ళి. విజయవాడ నుంచి కార్లో బయల్దేరాం. దుగ్గిరాల దగ్గరకొచ్చేసరికి కారు మెల్లగా ఎడమవైపు జరిగి, రోడ్డు దిగి కంకర మీదకు వెళ్ళింది. పక్కనే కాలువ. నేను గట్టిగా అరిచాను. ఆయన ఉలిక్కిపడి స్టీరింగ్ తిప్పారు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. ‘ఎండకి కళ్ళు మూతలు పడ్డాయి, అంతే’ అన్నారు. అప్పటికి ఉదయం పదిన్నర. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్న మనిషికి పొద్దున్నే కునుకేమిటని ఆ క్షణాన నాకూ తట్టలేదు.

ఆ రాత్రి విడిదింట్లో హాలంతా చాపలు పరుచుకుని వరసగా పడుకున్నాం. రెండింటి వేళ మా పెద్దమ్మ నన్ను తట్టి లేపింది. ‘ఏమే, మీ ఆయన ఊపిరి బిగబట్టుకుని పడుకుంటాడేమిటే? నాకు భయమేస్తోంది, ఓసారి చూడు’ అంది.

లేచి పక్కన కూర్చున్నాను. గురక, గురక, గురక... ఠక్కున నిశ్శబ్దం. ఛాతీ, పొట్ట ఎగసిపడుతున్నాయి గానీ ముక్కు దగ్గర వేలు పెడితే గాలి లేదు. ఫోన్‌లో సెకన్లు చూశాను. పన్నెండు... ఇరవై... ఇరవై ఏడు. అప్పుడు నీళ్ళలోంచి పైకి తేలినట్టు ఒక్కసారిగా గాలి పీల్చుకుని, అటు ఒత్తిగిల్లి మళ్ళీ గురక. నిమిషం తిరక్కుండానే మళ్ళీ అదే వరస. తెల్లారేదాకా నేను కన్ను మూయలేదు. పొద్దున్నే అడిగితే ‘బ్రహ్మాండంగా నిద్రపట్టింది’ అన్నారాయన!

ఆ రాత్రే ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీశాను. తర్వాత డాక్టరు దగ్గర అన్నిటికన్నా పనికొచ్చింది అదే.

గొంతులో ఏం జరుగుతుంది?

ఊపిరితిత్తుల డాక్టరు వీడియో చూసి, ‘గురక పెట్టేవాళ్ళు చెప్పేదాన్ని బట్టి ఈ జబ్బు తెలియదమ్మా. వినేవాళ్ళే చెప్పాలి’ అన్నారు. జబ్బు పేరు స్లీప్ ఆప్నియా. ఆప్నియా అంటే ఊపిరి ఆగిపోవడం.

కొబ్బరిబోండాంలో కాగితం స్ట్రా వేసి గట్టిగా పీలిస్తే ఏమవుతుంది? మెత్తబడిన స్ట్రా లోపలికి నొక్కుకుపోతుంది. ఎంత పీల్చినా నీళ్ళు రావు. గొంతులోనూ అంతే. మెలకువగా ఉన్నప్పుడు అక్కడి కండరాలు దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి వదులవుతాయి. నాలుక వెనకభాగం, కొండనాలుక, దాని చుట్టూ ఉన్న మెత్తటి అంగిలి వెనక్కి వాలి దారి ఇరుకవుతుంది. ఇరుకు దారిలో గాలి వెళ్తుంటే వచ్చే చప్పుడే గురక. దారి పూర్తిగా మూసుకుపోతే చప్పుడు కూడా ఉండదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు కంగారుపడి మనిషిని కొద్ది క్షణాలు లేపుతుంది. దారి తెరుచుకుంటుంది. ఆ మెలకువ పొద్దున్నకి గుర్తుండదు. అందుకే రాత్రంతా పెనుగులాడిన మనిషి ‘బాగా పడుకున్నాను’ అని చెబుతాడు, పగలంతా తూగుతాడు.

కొందరిలో గొంతు దారి బాగానే ఉన్నా, ఊపిరి తీసుకోమనే ఆజ్ఞ మెదడు నుంచి సరిగ్గా అందదు. గుండె బలహీనపడినవాళ్ళలో, పక్షవాతం వచ్చినవాళ్ళలో ఇది కనిపించొచ్చు. దానికి వైద్యం వేరు. మావారిది గొంతు మూసుకుపోయే రకం. ఎక్కువమందిలో ఉండేది ఇదే.

డాక్టరు ప్రశ్నలు అడుగుతుంటే నా గుండెలో రాళ్ళు పడ్డాయి. ‘బీపీ ఉందా?’ ఉంది, రెండు రకాల మాత్రలు వేసుకున్నా దిగట్లేదు. ‘రాత్రి మూత్రానికి లేస్తారా?’ మూడుసార్లు. షుగరనీ, ప్రోస్టేట్ అనీ టెస్టులు చేయించాం, ఏమీ లేదన్నారు. మూసుకుపోయిన గొంతుతో గాలి లాగుతున్నప్పుడు గుండె గదులు సాగి ఒక హార్మోన్ విడుదలవుతుందట. అది మూత్రం ఎక్కువ తయారయ్యేలా చేస్తుందట. ‘పొద్దున్నే తలనొప్పి? మతిమరుపు? చిరాకు?’ అన్నీ ఉన్నాయి. ఆ చిరాకుని నేను నా మీద విసుగనుకున్నాను. దాని కోసం ఎన్ని గొడవలు పడ్డామో!

పట్టించుకోకపోతే ఈ జబ్బు గురకతో ఆగదు. బీపీ, గుండె లయ తప్పడం, పక్షవాతం, షుగరు, వీటన్నిటితో దీనికి సంబంధం ఉంది. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలతో మనల్ని ఊపేసిన సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో కన్నుమూసినప్పుడు, ఆయన్ని చూసిన డాక్టర్లు చెప్పిన పేరు కూడా ఇదే. ఇక డ్రైవింగ్‌లో కునుకు సంగతి నాకు దుగ్గిరాల దగ్గరే అర్థమైంది. వైద్యం కుదిరేదాకా కారు తాళాలు నా దగ్గరే పెట్టుకున్నాను.

ఒళ్ళంతా వైర్లతో ఒక రాత్రి

పరీక్ష పేరు స్లీప్ స్టడీ. ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోవాలి. తలకి, గడ్డానికి, కాళ్ళకి వైర్లు. ఛాతీకి, పొట్టకి బెల్టులు. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు. సూదులు లేవు, నొప్పి లేదు. ‘ఇన్ని తగిలించుకుని ఎవడికి నిద్రపడుతుంది?’ అన్న మావారు ఐదు నిమిషాల్లో గురక పెట్టారు. చిన్న పరికరం ఇంటికి తెచ్చుకుని చేయించుకునే పరీక్ష కూడా ఉంది. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరు చెబుతారు.

ఊపిరి కనీసం 10 సెకన్ల పాటు ఆగినా, బాగా తగ్గినా దాన్ని ఒకసారిగా లెక్కేస్తారు. గంటకి 5 లోపు ఉంటే ఫర్వాలేదు. 5 నుంచి 15 దాకా ఉంటే స్వల్పం, 15 నుంచి 30 అయితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. మావారికి 48 వచ్చింది. ఆరు గంటల నిద్రలో దాదాపు 290 సార్లు! ఆక్సిజన్ 71కి పడిపోయింది. కోవిడ్ రోజుల్లో 94 కంటే తగ్గితే ఎంత హడలిపోయామో గుర్తుంది కదా. ఈయనకి రోజూ రాత్రి అదే జరుగుతోంది, నేను పక్కగదిలో హాయిగా నిద్రపోతున్నాను.

అటకెక్కిన మిషను

తీవ్రంగా ఉన్నవాళ్ళకి ముందుగా చెప్పే వైద్యం సీపాప్. మంచం పక్కన పెట్టుకునే చిన్న మిషను, దాన్నుంచి గొట్టం, ముక్కుకి మాస్కు. చాలామంది ఆక్సిజన్ పెట్టారనుకుంటారు. అది మామూలు గదిలో గాలే, కాస్త ఒత్తిడితో వస్తుంది. పొలానికి నీళ్ళు పెట్టే చదును పైపుని చూసే ఉంటారు. మోటారు ఆడుతున్నంతసేపు ఉబ్బి గుండ్రంగా ఉంటుంది, ఆపగానే చప్పబడి పడిపోతుంది. గాలి ఒత్తిడి గొంతు దారిని అలా తెరిచి ఉంచుతుంది.

దీన్ని కనిపెట్టింది ఆస్ట్రేలియాలోని సిడ్నీ యూనివర్సిటీ డాక్టరు కాలిన్ సల్లివన్. 1980లో వాక్యూమ్ క్లీనర్ మోటారుని తిరగేసి, గాలి లాగే బదులు ఊదేలా చేసి మొదటి రోగికి పెట్టారు. అంతకుముందు తీవ్రంగా ఉన్నవాళ్ళకి గొంతుకి రంధ్రం చేయడమే ప్రధాన వైద్యం. ఆ మాట విన్నాక మావారు మాస్కుకి ఒప్పుకున్నారు.

ఒప్పుకోవడం వేరు, పెట్టుకోవడం వేరు. మిషనుకి 45 వేలు పెట్టాం. మొదటి వారం నరకమే. ముక్కు ఎండిపోయేది, బుగ్గల మీద గాట్లు పడేవి, గాలి పక్కనుంచి లీకై కళ్ళలోకి కొట్టేది. మా చిన్నది ‘డాడీకి తొండం వచ్చింది’ అని నవ్వేది. రాత్రి రెండింటికి తీసి విసిరేసేవారు. పదో రోజున మిషను అటకెక్కింది.

నెల తర్వాత మేం మళ్ళీ డాక్టరు దగ్గరకి వెళ్తే, తిట్టకుండా మాస్కు సైజు చూశారు. ఆయనకి అది పెద్దది! చిన్నది మార్చారు. గాలికి తేమ కలిపే చిన్న నీళ్ళ డబ్బా తగిలించారు. ఒత్తిడి ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా పెరిగేలా సెట్ చేశారు. ‘పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోండి’ అన్నారు. మూడు వారాలకి కుదురుకున్నారు. మాస్కు సరిపోకపోతే మిషను పనికిరాదని అటకెక్కించేయకండి, ముందు మాస్కు మార్చించండి. రోజూ తడిగుడ్డతో తుడవాలి, వారానికోసారి సబ్బునీళ్ళతో కడగాలి, డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. కరెంటు పోతే ఇబ్బందే కాబట్టి ఇన్వర్టరు ఉంటే మేలు.

మిషను జబ్బుని తీసేయదు. పెట్టుకోని రాత్రి ఊపిరి మళ్ళీ ఆగుతుంది. ఎన్ని గంటలు వాడారో దాని లోపల రికార్డవుతుంది. నాలుగు గంటలన్నది కనీసం, నిద్రపోయినంతసేపూ ఉంటేనే పూర్తి ఫలితం అన్నారు.

వేరే దారులున్నాయా?

ఉన్నాయి, మనిషిని బట్టి. బరువు 10 శాతం తగ్గితే ఊపిరి ఆగే సంఖ్య సుమారు పావు వంతు తగ్గుతుందని పరిశీలనల్లో తేలింది. వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకుంటే కొందరికి తేడా కనిపిస్తుంది. మందు గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తుంది. డాక్టరుకి చెప్పకుండా నిద్రమాత్రలు వేసుకోవడం కూడా ప్రమాదమే. స్వల్ప, మధ్యస్థ దశల్లో కింది దవడని కాస్త ముందుకు పట్టి ఉంచే పరికరాన్ని దంతవైద్యులు తయారుచేసిస్తారు. అంగిలికి, దవడకి ఆపరేషన్లు ఉన్నాయి గానీ అందరికీ పనిచేయవు. ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్న పెద్దవాళ్ళకి టిర్జెపటైడ్ అనే ఇంజెక్షన్ వాడటానికి అమెరికాలో 2024 డిసెంబరులో అనుమతిచ్చారు. అదీ డాక్టరు సలహాతోనే.

ఇది లావుగా ఉన్న మగవాళ్ళ జబ్బని అనుకోవద్దు. కింది దవడ చిన్నగా, వెనక్కి ఉంటే సన్నగా ఉన్నవాళ్ళకీ వస్తుంది. ఆడవాళ్ళకి నెలసరి ఆగిపోయాక ముప్పు పెరుగుతుంది. వాళ్ళలో గురక కంటే నీరసం, నిద్రలేమి, దిగులు ముందు కనిపించడంతో వేరే జబ్బనుకుంటారు. పిల్లలు రోజూ గురక పెడుతూ, నోరు తెరిచి పడుకుంటూ, పక్క తడుపుతూ, బళ్ళో కుదురుగా ఉండకపోతే టాన్సిల్స్, అడినాయిడ్స్ వాచాయేమో ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి.

ఇవి గమనించండి

* తలుపు వేసినా వినిపించేంత గురక ఉందా?
* నిద్రలో ఊపిరి ఆగడం, ఉక్కిరిబిక్కిరై లేవడం ఎవరైనా చూశారా?
* పగలు అలసట, కునుకుపాట్లు ఉన్నాయా?
* బీపీ ఉందా?
* వయసు 50 దాటిందా? బరువు బాగా ఎక్కువా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? మగవారా?

వీటిలో మూడు, నాలుగింటికి అవునని జవాబొస్తే స్లీప్ స్టడీ గురించి డాక్టరుని అడగండి. ఈ జబ్బున్నవాళ్ళు ఏ ఆపరేషన్‌కి వెళ్ళినా మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి.

మళ్ళీ మా గదిలోకి

ఇప్పటికి రెండేళ్ళు. బీపీ మాత్రలు పూర్తిగా పోలేదు గానీ బీపీ అదుపులో ఉంది. రాత్రి లేవడం తగ్గింది. సినిమా చివరిదాకా చూస్తున్నారు, పైగా కథ నాకే చెబుతున్నారు. మొన్న తెనాలి వెళ్ళినప్పుడు ఆయనే డ్రైవ్ చేశారు. దుగ్గిరాల దాటేదాకా నేను మాత్రం ఆయన కళ్ళ వంకే చూస్తూ కూర్చున్నాను.

నా దిండు మా గదిలోకి తిరిగొచ్చింది. తొలి రోజుల్లో ఆ నిశ్శబ్దానికి నాకే నిద్ర పట్టేది కాదు. లేచి ఆయన ఛాతీ మీద చెయ్యేసి చూసుకునేదాన్ని.

గురక పడలేక గది మారాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. మారండి, తప్పులేదు. కానీ మారేముందు ఒక్క రాత్రి మేలుకుని వినండి. మధ్యమధ్యలో గురక ఆగిపోతుంటే హమ్మయ్య అనుకోకండి. ఫోన్ తీసి సెకన్లు లెక్కపెట్టండి.