పెరటిలో ఎత్తు మడి: కొత్తిమీర, పుదీనా మొదలగువాని పెంపకము

వరంగల్లు ప్రాంతపు రైతులు వరి, ప్రత్తి, మిరప, పసుపు పండించుటయందు నేర్పరులు. అయినను ఎకరముల కొలది భూమి గల ఇండ్లవారు సైతము కొత్తిమీర కట్టకొఱకు సంతకు పోవుట తఱచుగా కానవచ్చును. దీనివలన నష్టము రెండు విధములు. రొక్కము వ్యయమగుట యొకటి. వేసవిలో ధర హెచ్చినప్పుడు ఆకు కొనుట మానివేయుటచే పిల్లల భోజనమున ఆకుకూర లోపించుట రెండవది. ఆకుకూరలయందు ఎ విటమినుగా మారు పదార్థము కలదు. ఆ విటమిను చాలనిచో రేచీకటి కలుగును. పెరటిలో 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల ఎత్తు మడి యొక్కటి యున్నచో ఈ కొఱత చాలవరకు తీరును.

అదను

మాఘ ఫాల్గుణ మాసములు, అనగా ఫిబ్రవరి మార్చి నెలలు, మడి కట్టుటకు అనువైనవి. అప్పటికి చలి తగ్గును, ఎండ ముదరదు. అప్పుడు కట్టిన మడి తొలకరి నాటికి కుదురుకొని వానలకు కొట్టుకొనిపోక నిలుచును.

స్థలము, కొలత

బావికిగాని నీళ్లతొట్టికిగాని దగ్గఱగా, ఉదయపు ఎండ తగులు చోటు మేలు. పెద్ద చెట్టు క్రింద మడి కట్టరాదు. దాని వేళ్లు నీటిని, సారమును లాగుకొనును. వెడల్పు 4 అడుగులు మించరాదు. అంతకు మించినచో గట్టుమీద కూర్చుండి కలుపు తీయువారి చేయి నడుమకు అందదు. మడిలో కాలు మోపినచో మట్టి గట్టిపడును.

ఎత్తు మడిలో నీరు త్వరగా దిగిపోవును. వానకాలమున ఇది మేలు, వేళ్లు కుళ్లవు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటునప్పుడు ఇదే కీడు. మడి త్వరగా ఎండును. కావున ఇతర దేశములలో వలె ఒకటి రెండడుగుల ఎత్తు కట్టుట ఇచట తగదు. చెలక నేలలో 6 అంగుళములు, రేగడిలో 9 అంగుళములు చాలును.

మట్టి కలుపుట

మొదట అడుగు లోతు త్రవ్వి నేలను గుల్ల చేయవలెను. చుట్టును నడచు త్రోవలలోని పైమట్టిని తీసి దానిపై పోయవలెను. చెలక నేలకు రెండు పాళ్లు ఆ మట్టి, ఒక పాలు చెరువు పూడిక మట్టి, ఒక పాలు బాగుగా మాగిన పశువుల ఎరువు కలుపవలెను. 6 అంగుళముల ఎత్తు మడికి మొత్తము 20 ఘనపు అడుగులు పట్టును. అందు ఎరువు 5 ఘనపు అడుగులు. రేగడికి పూడిక మట్టికి బదులు ముతక ఇసుక కలుపవలెను. పూడిక మట్టి విలువ ఈ ప్రాంతపు రైతులకు క్రొత్త కాదు. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో చెరువుల పూడిక తీయగా రైతులు దానిని పొలములకు తోలుకొనిరి.

పచ్చిపేడ వేయరాదు, చెదలును, వేరుపురుగును చేరును. అంచులకు బండరాళ్లు పేర్చినచో గట్టు జాఱదు.

విత్తుట

ధనియములను రెండు బద్దలగునట్లు మెల్లగా నలిపి, ఒక రాత్రి నానబెట్టి, అర అంగుళము లోతున, 6 అంగుళముల ఎడముగల సాళ్లలో విత్తవలెను. మొలక వచ్చుటకు 8 మొదలు 15 దినములు పట్టును. మొలక రాలేదని ముందుగా త్రవ్వి చూడరాదు. ఎండలు ముదిరినచో కొత్తిమీర ఆకు తగ్గి కాడ లేచి పూయును. కావున ఒకేసారి చల్లక, 10 దినములకు ఒక సాలు చొప్పున విత్తుట మంచిది. మెంతికూర నెలలోపల కోతకు వచ్చును.

పుదీనాను వేళ్లు గల తీగముక్కలతో నాటవలెను. అది నలుదెసల ప్రాకును గనుక మడి చివర రాళ్లతో వేఱు చేయవలెను. వామాకు కొమ్మ నాటిన బ్రతుకును. కరివేపాకు చెట్టగును, దానిని మడి వెలుపల నాటవలెను. చైత్రము తరువాత కొత్తిమీర తీసిన చోట తోటకూర, గోంగూర వేసికొనవచ్చును.

నీరు, నీడ

ఫిబ్రవరిలో దినమునకు సుమారు 24 లీటర్లు, అనగా పాతిక అంగుళపు తడి, చాలును. నడివేసవిలో దాదాపు రెట్టింపు కావలయును. సన్న చిల్లుల డబ్బాతో ఉదయముననే పోయవలెను. సాళ్ల నడుమ వరిగడ్డి పఱచినచో తడి నిలుచును. మార్చి చివరనుండి పడమటి ఎండ తగులకుండ తాటికమ్మల పందిరి వేయవలెను. సబ్బు నీరు పాఱింపరాదు.

ముఖ్యమైన హెచ్చరిక

ప్రత్తికి, మిరపకు కొట్టు పురుగుమందులను ఈ మడిపై చల్లరాదు. ఆ మందులు వచ్చిన డబ్బాలను ఎంత కడిగినను నీరు పోయుటకు వాడరాదు. కొత్తిమీర, పుదీనా పచ్చిగనే పచ్చడిలో పడును. మందు అంటిన ఆకు నేరుగా కడుపులోనికి పోవును. పేను పట్టినచో తొలుత ఆ కొమ్మలను త్రుంచివేయవలెను. పిదప నీటిని గట్టిగా చల్లి కడుగవలెను. అప్పటికిని తగ్గనిచో వేపగింజల కషాయము చల్లి, కొన్ని దినములు ఆగి, ఆకును బాగుగా కడిగి వాడుకొనవలెను.

ఈ మడికి ఒకరిద్దరు ఒక దినము పాటుపడిన చాలును. పిమ్మట దినమునకు కొంచెము సేపు చూచుకొన్నచో, పొలములో పైరు లేని దినములందును ఇంటికి పచ్చని ఆకు దొరకును.